మురుగు వాలు, కులం వాలు: హైదరాబాదు నగర నిర్మాణం, దళితుల ఆరోగ్యం

హైదరాబాదు చరిత్ర రాసే పండితులకు ఒక అలవాటు ఉంది. చార్మినార్ దగ్గర మొదలుపెడతారు. దేవిడీలు, తోటలు, కమాన్లు అన్నీ తిప్పి చూపిస్తారు. 1908 మూసీ వరద దగ్గర కాసేపు ఆగి బాధపడతారు. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య వచ్చి నగరాన్ని కాపాడాడని చెప్పి ముగిస్తారు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ కాపాడింది ఎవరి నగరాన్ని అన్న ప్రశ్న మాత్రం వాళ్లు వేయరు. కొత్త గొట్టాల్లో మంచినీళ్లు ముందుగా ఎవరి ఇంటికి పోయాయి? మురుగు ఎవరి ఇంటి ముందుకు వచ్చింది? ఆ మురుగును చేతులతో ఎత్తింది ఎవరు? ఈ ప్రశ్నలు వేస్తే అదే చరిత్ర ఇంకోరకంగా కనబడుతుంది.

ఆరోగ్యం అనగానే మనకు డాక్టరు, మందు, ఆసుపత్రి గుర్తుకొస్తాయి. ఇంకొంచెం చదువుకున్నవాళ్లు శుభ్రత అలవాట్లు అంటారు. మా వాదన వేరు. మనిషి ఆరోగ్యాన్ని ముందుగా తేల్చేది అతని ఇల్లు ఎక్కడుంది అన్న విషయం. నీళ్లకు ఎగువనా దిగువనా, గాలికి ముందా వెనకా, మెరకనా పల్లమా. మన దేశంలో ఈ సంగతి తేల్చేది కులం. ఇంజనీరు గీసిన ప్లాను కులాన్ని చెరిపేయలేదు. చాలాచోట్ల దాన్నే కొత్త కాగితం మీద మళ్లీ గీసింది. ఈ మాట రుజువు చెయ్యడానికి హైదరాబాదునే తీసుకుంటున్నాం. అవసరమైన చోట బొంబాయి, కోలారు ముచ్చట కూడా వస్తుంది. ఎందుకంటే అక్కడి మురుగులోనూ మనోళ్లే ఉన్నారు.

మొదటి ప్లాను ఊరిది

పట్టణ ప్రణాళిక అనేది ఇంగ్లీషువాడు తెచ్చాడని పుస్తకాల్లో ఉంటుంది. మన ఊళ్లకు ప్లాను లేదా? ఉంది. ఊరు వేరు, వాడ వేరు. చాలా ఊళ్లలో మాలపల్లె, మాదిగవాడ ఊరికి తూర్పు పక్కనో, వాగుకు కింది పక్కనో ఉంటాయి. వానకాలమంతా మన దిక్కు వీచేది పడమటి గాలి. అంటే గాలి ముందు ఊరి మీద నుంచి వచ్చి ఆ తర్వాత వాడకు చేరుతుంది. నీళ్లదీ అదే దారి. ఊళ్లో వాడిన నీళ్లు పల్లానికి పారి వాడ పక్క గుంటలో నిలుస్తాయి. ఆ గుంటలో దోమ పుడుతుంది. ఆ తర్వాత, వాడోళ్లు మురికిగా ఉంటారు, రోగాలతో ఉంటారు అని ఊరు చెప్పుకుంటుంది. రోగాన్ని పంపించిన చెయ్యే రోగిని ఎత్తిచూపుతుంది.

ఇదేదో పాతకాలం ముచ్చట అనుకునేవాళ్లు కారంచేడును గుర్తు చేసుకోవాలి. 1985 జూలై 16న అక్కడ గొడవ మొదలైంది ఒక చెరువు దగ్గర. మాదిగపల్లె తాగే నీళ్లలోకి అగ్రకుల యువకులు గేదెల కుడితి బకెట్లు కడిగిన నీళ్లు పోనిచ్చారు. అది తప్పని అడిగినందుకు దాడికి దిగారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త తన బిందెతోనే ఎదురు నిలిచింది. మరునాడు, జూలై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆత్మగౌరవ పోరాటంగా కారంచేడును మనం సరిగానే గుర్తుపెట్టుకున్నాం. అయితే అది మంచినీళ్ల పోరాటం కూడా. ప్రజారోగ్య చరిత్ర రాసేవాళ్లు ఆ బిందెను తమ పుస్తకంలోకి ఇంకా తీసుకోలేదు. కారంచేడు బాధితులు మళ్లీ ఆ ఊరికి పోలేదు. చీరాలలో విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. ఊరి ప్లానును కాదని తమ ప్లాను తాము గీసుకున్నారు.

డాక్టర్ అంబేద్కర్ ఊరిని ఎందుకు అంతగా వ్యతిరేకించాడో ఇక్కడే తెలుస్తుంది. 1942లో నాగపూర్‌లో జరిగిన షెడ్యూల్డు కులాల మహాసభలో దళితులకు వేరే గ్రామాలు కావాలని తీర్మానం చేశారు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో గ్రామ స్వరాజ్య భక్తుల్ని ఆయన ఎండగట్టాడు. ఊరి నుంచి బయటపడితేనే విముక్తి అని చాలామంది దళితులు నగరం దారి పట్టారు. మరి నగరం వాళ్లకోసం ఏ జాగా ఉంచింది?

తెల్లదొర దూరం

హైదరాబాదుకు ఉత్తరాన 1806లో సికింద్రాబాదు పుట్టింది. అది సైన్యం కోసం పుట్టిన ఊరు. ఆ కాలంలో దేశంలోని బ్రిటిషు సైనికులు యుద్ధాల్లో కంటే రోగాలతోనే ఎక్కువ చచ్చిపోయేవారు. 1859లో వేసిన రాయల్ కమిషన్ 1863లో నివేదిక ఇచ్చింది. ఏటా వెయ్యిమంది తెల్ల సైనికుల్లో సగటున 69 మంది చనిపోతున్నారని లెక్క తేల్చింది. దీనికి మందు ఏమిటంటే బారకాసుల డిజైను మార్చడం. ఎత్తయిన నేల, పెద్ద కిటికీలు, విశాలమైన మైదానం, మంచి నీళ్లు, మురుగుకు దారి. మరుసటి ఏడు, 1864లో, కంటోన్మెంటు చట్టం వచ్చింది. ఈ పనులు ఊపందుకున్నాక సైనికుల చావులు బాగా తగ్గాయి.

దీన్నుంచి మనం నేర్చుకోవాల్సింది ఉంది. మనిషిని మార్చకుండా, అతనుండే చోటును మార్చితే చావు తగ్గుతుంది. ఇది 19వ శతాబ్దంలోనే తేలిపోయిన సంగతి. లండన్‌లో 1854 కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చావుల్ని వీధుల మ్యాపు మీద గుర్తుపెట్టి, రోగం ఒక బోరింగు పంపు నీళ్ల నుంచి వస్తోందని చూపించాడు. తప్పు రోగిది కాదు, నీళ్లది.

కానీ కంటోన్మెంటులో ఈ శాస్త్రానికి తోకగా ఇంకొకటి వచ్చింది. అప్పటి డాక్టర్లు కుళ్లిన గాలి వల్ల రోగం పుడుతుందని నమ్మేవారు. కాబట్టి నల్లవాళ్ల బజారు దూరంగా ఉండాలి, గాలివాలుకు ఇవతల ఉండాలి అన్నారు. ఈ మాట మనకు కొత్తగా వినబడుతుందా? ఊరూ వాడా సూత్రమే కదా ఇది! బ్రాహ్మణుడు శాస్త్రం పేరుతో పెట్టిన దూరాన్ని తెల్లదొర సైన్సు పేరుతో పెట్టాడు. దొరకు బారకాసు ఊడ్చేవాడు, పాకీదొడ్డి ఎత్తేవాడు, వంట చేసేవాడు కావాలి. వాళ్ల ఇళ్లు మాత్రం దొర కంటికి, ముక్కుకు దూరంగా ఉండాలి.

విచిత్రం ఏమంటే ఆ నమ్మకానికి గట్టి దెబ్బ తగిలింది కూడా సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. మలేరియా చెడుగాలి వల్ల రాదు, దోమ వల్ల వస్తుందని తేలింది. దోమ నిలిచిన నీళ్లలో పుడుతుంది. నీళ్లు పల్లంలో నిలుస్తాయి. పల్లంలో ఎవరున్నారు? ఆ లెక్క రాస్ తీయలేదు. అది ఆయన పని కాదనుకుందాం. ఆయన తర్వాత నూటపాతికేళ్లకు పైగా మన పాలకులూ తీయలేదు.

ప్లేగు నేర్పిన పాఠం

1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. 1898లో ప్రభుత్వం బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టింది. ఇరుకు బస్తీలు పడగొట్టడం, వెడల్పు రోడ్లు వెయ్యడం, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టడం దాని పని. పడగొట్టినన్ని గదులు ట్రస్టు కట్టలేకపోయింది. ఇల్లు పోయిన కూలీలు పక్క బస్తీలోకి పోయి ఇంకా ఇరుక్కున్నారు. రోగం పోలేదు, రోగి అడ్రసు మారింది.

ఈ కథకు మనతో చుట్టరికం ఉంది. తెలంగాణ నుంచి పోయిన కమాఠీలు బొంబాయి ఇళ్లూ రోడ్లూ కట్టారు. వాళ్ల పేరుతోనే కామాటిపుర ఏర్పడింది. ఇంకో చుట్టరికం కూడా చెప్పాలి. అంబేద్కర్ ఇరవై ఏళ్లకు పైగా కాపురం చేసింది పరేల్‌లోని ట్రస్టు చాల్‌లోనే. ఇరుకు గది, వసారాలో నలుగురికీ కలిపి కుళాయి, మరుగుదొడ్డి. ఆయన చదువు, 1927 మహద్ చెరువు పోరాటానికి తయారీ, అంతా ఆ కాపురంలోనే. తాగే నీళ్ల కోసం వేలమందిని చెరువు దగ్గరకు నడిపించిన మనిషికి కుళాయి దగ్గర క్యూ అంటే ఏమిటో పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేకపోయింది.

1908 తర్వాత

ఇప్పుడు మన నగరానికి వద్దాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. పదిహేను వేలమంది దాకా చనిపోయారని అంచనా. కొల్సావాడి లాంటి వాడలు తుడిచిపెట్టుకుపోయాయి. నదికి దగ్గరగా, పల్లంలో, మట్టిగోడల ఇళ్లలో ఉన్నవాళ్లను నది ముందు తీసుకుపోయింది. మూడేళ్లకు, 1911లో, నగరంలో ప్లేగు వచ్చింది. ఎలుక ఎక్కడుంటుంది? ఇరుకు ఇంట్లో, ధాన్యం పక్కన, మట్టిగోడలో. మళ్లీ అదే మనుషులు.

1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చాడు. నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టాలన్నాడు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు ఇరుకు బస్తీలు తీసేసింది, రోడ్లు వెడల్పు చేసింది, పత్తర్‌గట్టి కట్టింది, కొన్నిచోట్ల అద్దె ఇళ్లు కూడా కట్టించింది. బోర్డు చెయ్యిపెట్టిన బస్తీల్లో ఒకటి మాలకుంట. ఆ పేరు విని ఆగకుండా ఎట్లా ముందుకు పోగలం? ఒక కుంటకు ఒక కులం పేరు ఉందంటే, ఆ నగరంలో పల్లం ఎవరిదో ఆ నేలే చెప్తోంది.

ఈ పనుల్ని మేము తక్కువ చేసి చూడటం లేదు. వరద అదుపులోకి వచ్చింది. నగరానికి మంచినీళ్లు అందాయి. గాలి, వెలుతురు లేని ఇంట్లో క్షయ ఒకరి నుంచి ఒకరికి సులువుగా అంటుకుంటుంది. అట్లాంటి ఇళ్లు కొన్నయినా పోవడం మంచిదే. ఇంజనీరు తెలివిని కాదనడం మన పని కాదు. ఆ తెలివి ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో చూడటం మన పని.

మూసీ పడమటి నుంచి తూర్పుకు పారుతుంది. మంచినీళ్ల చెరువులు పడమటన ఉన్నాయి. మురుగంతా తూర్పుకు, అంబర్‌పేట దిక్కుకు పోవాలి. నేల వాలు అట్లా ఉంది కాబట్టి ఇంజనీరు అట్లా గీశాడు. అయితే ఇది ఊరి ప్లానే గదా! ఎగువన మంచినీళ్లు, దిగువన మురుగు. నగరం దిగువ పక్కన నేల చవక. చవక నేల దగ్గరికి పేదవాడు పోతాడు. పేదల్లో పేద దళితుడు. ఎవరూ కులం పేరు రాసి గీత గీయనక్కర్లేదు. నేల ధరే గీత గీస్తుంది. ఊళ్లో వాడను నిలబెట్టింది కట్టుబాటు, నగరంలో నిలబెట్టింది రిజిస్ట్రేషను ఆఫీసు.

ఇదే కాలంలో ఇదే నగరంలో భాగ్యరెడ్డి వర్మ పనిచేస్తున్నాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1910లో ఈసామియా బజారులో, లింగంపల్లిలో పిల్లలకు బడులు తెరిచాడు. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం నిలబెట్టాడు. తాగుడు మానాలి, శుభ్రంగా ఉండాలి, చదువుకోవాలి అని ఊరూరా చెప్పాడు. ఆది హిందువులు శుభ్రత గురించి అంతగా ఎందుకు మాట్లాడారో అర్థం చేసుకోవాలి. మీరు మురికివాళ్లు అన్న నిందకు అది జవాబు. అగ్రకులాల సంస్కర్తలు కూడా వాడకొచ్చి శుభ్రత పాఠాలు చెప్పారు. రెండూ ఒకటి కాదు. భాగ్యరెడ్డి వర్మ చెప్పింది మన గౌరవం కోసం. వాళ్లు చెప్పింది మన తప్పు మనకు చూపించడానికి. అయితే ఎంత ఊడ్చుకున్నా, పైవాళ్ల మురుగు వాకిట్లోకి పారితే ఆ ఇల్లాలు ఏం చేస్తుంది? చీపురు వాలును మార్చలేదు.

వెనక సందు

నగర ప్లానులో కులం అన్నిటికంటే స్పష్టంగా కనబడే చోటు ఇంటి వెనక సందు. నీళ్లతో కడిగే దొడ్లు రాకముందు పట్టణాల్లో ఉన్నవి బకెట్ దొడ్లు. వాటిని రోజూ ఒక మనిషి వచ్చి చేత్తో ఎత్తాలి. ఆ మనిషి ముందు వాకిలి నుంచి రాకూడదు, ఇంటివాళ్ల కళ్ల పడకూడదు. అందుకని బ్రిటిషు కాలపు పట్టణాల్లో, కంటోన్మెంట్లలో రెండు వరసల ఇళ్ల మధ్య వెనక ఒక సన్న సందు వదిలారు. దానిలోకి దొడ్డికి ఒక చిన్న తలుపు. పాకీ మనిషి దానిలోంచి వచ్చి దానిలోంచే పోవాలి. కాగితాల్లో దాన్ని కన్సర్వెన్సీ సందు అన్నారు. ఊళ్లో అంటరానివాడు నడవడానికి వేరే దారి ఉండేది. నగరంలో ఆ దారికి మున్సిపాలిటీ కొలతలు ఇచ్చింది. మన పట్టణాల పాత పేటల్లో ఆ సందులు ఇప్పటికీ ఉన్నాయి. చూసినా మనం గుర్తుపట్టం.

ఆ సందులో నడిచింది ఎవరు? ఆంధ్ర పట్టణాల్లో రెల్లి కులస్తులు. హైదరాబాదులో ఉత్తరాది నుంచి వచ్చిన మెహతర్లు, వాళ్లతో పాటు మాల మాదిగలు. ఇంకో సంగతి మన తెలుగు మేధావులు చెప్పుకోరు. మద్రాసు నగరం ఊడ్చినవాళ్లలో తెలుగు మాట్లాడే ఆది ఆంధ్రులు చాలామంది. బెంగళూరు పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే మాదిగలు చాలామంది. తెలుగు భాష గొప్పతనం గురించి సభలు పెట్టేవాళ్లు, దక్షిణాది నగరాల చీపురు తెలుగు మాట్లాడుతుందని కూడా ఒకసారి చెప్పాలి.

కర్ణాటకలోని కోలారు బంగారు గనుల పట్టణం దీనికి మంచి ఉదాహరణ. 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ అడుగుపెట్టింది. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. దొరలకు బంగళాలు, క్లబ్బు. కూలీలకు వరస గదుల లైన్లు. గనిలోకి కరెంటు వచ్చింది గానీ, లైన్ల దొడ్లలోకి నీళ్లు రాలేదు. తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు 20వ శతాబ్దం చివరిదాకా అక్కడి దొడ్లను చేత్తో ఎత్తాయి. బెజవాడ విల్సన్ ఆ కుటుంబాల నుంచే వచ్చాడు. ఆయనా, ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్లూ కలిసి నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ మన జిల్లాల్లో తిరిగి బకెట్ దొడ్లను పడగొట్టింది. 2003లో సుప్రీంకోర్టుకు ఎక్కింది. 2016లో విల్సన్‌కు మెగసెసే అవార్డు వచ్చింది. పడగొట్టడం అనే పని నగర నిర్మాణమే అని మేము అంటాం. ఒక దొడ్డిని కూలిస్తే ఒక కులవృత్తి కూలుతుంది.

గొట్టంలోని మనిషి

బకెట్ పోయి భూమిలో గొట్టం వస్తే మనిషి విముక్తుడు కావాలి. ఇంజనీర్ల ఆశ కూడా అదే. హైదరాబాదులో భూగర్భ డ్రైనేజీ 1931 నాటికి తయారైంది. నాలుగు లక్షల డెబ్భై వేలకు కొంచెం తక్కువ జనాభాను లెక్కలో పెట్టుకుని దాన్ని కట్టారు. ఆ నగరం ఇప్పుడు కోటి దగ్గరకు చేరింది. గొట్టాలు పెంచారు గానీ, జనం పెరిగినంతగా పెంచలేదు. చెత్త, ప్లాస్టిక్, ఇసుక, కట్టడాల మట్టి అన్నీ అందులోనే. గొట్టం పూడుతుంది. పూడిన గొట్టంలోకి మనిషిని దింపుతారు. మొదట సందులో నడిచిన మనిషిని ఇప్పుడు భూమిలోకి దించారు. విముక్తి అంటే ఇదేనా?

మ్యాన్‌హోల్‌లో చావు ఎట్లా వస్తుందో తెలుసుకోవాలి. మురుగు గాలి లేని చోట కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పుడుతుంది. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన లేదు, పర్లేదు అనుకుని మనిషి దిగుతాడు. రెండు మూడు ఊపిర్లకే పడిపోతాడు. వాణ్ని తీయడానికి రెండోవాడు దిగుతాడు, వాడూ పోతాడు. అందుకే ఈ చావులు జంటలుగా, ముగ్గురు నలుగురుగా జరుగుతాయి. 2016 ఆగస్టులో మాదాపూర్‌లో నలుగురు చనిపోయారు. వాళ్లలో ఒకరు కాపాడటానికి దిగిన మనిషి. 2021 ఆగస్టులో సాహెబ్ నగర్‌లో ఇద్దరు. మాదాపూర్ అంటే ఐటీ కంపెనీల అద్దాల మేడలు. ఆ అద్దాల కింద గొట్టం ఉంది, గొట్టంలో మనిషి ఉన్నాడు.

చట్టం లేదా? ఉంది. 1993లో బకెట్ దొడ్లనూ, చేత్తో మలం ఎత్తించడాన్నీ నిషేధించారు. మన రాష్ట్రంలో అది అమల్లోకి రావడానికి 1997 దాకా పట్టింది. 2013లో ఇంకో చట్టం వచ్చి రక్షణ లేకుండా మురుగు గొట్టాల్లోకి దించడాన్ని కూడా నిషేధించింది. 1993 నుంచి జరిగిన ప్రతి చావుకూ పది లక్షలు ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. చనిపోయాక డబ్బు పెరిగింది. దిగకుండా ఉండే ఏర్పాటు మాత్రం ఆ వేగంతో పెరగలేదు. 2017లో హైదరాబాదులో ఇరుకు గల్లీల్లోకి పోగలిగే 70 చిన్న జెట్టింగు యంత్రాలు తెచ్చారు. వాటిని దళిత యువకుల చేతికిచ్చారు. మంచి పనే. అయినా నాలుగేళ్లకు సాహెబ్ నగర్ జరిగింది. యంత్రం కొనడం వేరు, కాంట్రాక్టరు మనిషిని దించకుండా ఆపడం వేరు. రెండోదానికి యంత్రం చాలదు. ఇంకో మాట కూడా అడగాలి. యంత్రం వచ్చాక కూడా మురుగు పని దళితుడిదే ఎందుకు కావాలి?

నది ఎవరిది?

మురుగు గొట్టం దాటి నదిలో పడుతుంది. 2000 దశకం దాకా నగరం మురుగులో చాలా భాగం శుద్ధి కాకుండానే మూసీలో కలిసింది. తర్వాత అంబర్‌పేట, నాగోలు లాంటి చోట్ల శుద్ధి కేంద్రాలు వచ్చాయి. దిగువన ఆ నీళ్లతోనే గడ్డి, ఆకుకూరలు, వరి పండించారు. గడ్డి నగరం పాడిపశువులకు వస్తుంది, ఆకుకూర నగరం కంచంలోకి వస్తుంది. మోకాలి లోతు నీళ్లలో ఉత్త కాళ్లతో నిలబడ్డ కూలీ మనిషికి కొంకిపురుగు పాదంలోంచే ఎక్కుతుంది. కడుపులో చేరి రక్తం తాగుతుంది. రక్తహీనతతో వచ్చిన ఆడమనిషికి ఆసుపత్రిలో ఇనుము గోలీలు ఇచ్చి పంపుతారు. ఆమె మళ్లీ అదే నీళ్లలోకి పోతుంది. నగరం చెత్తదీ అదే దారి. కొన్నేళ్లు ఆటోనగర్, ఆ తర్వాత 2000 దశకం మొదటి నుంచి జవహర్‌నగర్. రెండూ పేదల ఇళ్ల పక్కనే.

ఇక నది ఒడ్డునే ఉన్నవాళ్ల సంగతి. ఊరు వదిలి వచ్చిన దళితులకు, పేద ముస్లింలకు, బీసీలకు నగరంలో దొరికిన జాగా మూసీ గర్భమే. ఎవరూ అడగని నేల కాబట్టి దొరికింది. వాసన, దోమ, వరద, రేకుల కింద ఎండ, ఇవన్నీ భరించి ఇళ్లు వేసుకున్నారు. ఎందుకంటే అక్కడి నుంచి పనికి నడిచి పోవచ్చు, బడి దగ్గర, ఉస్మానియా ఆసుపత్రి దగ్గర. 1990ల చివర నందనవనం పేరుతో వాళ్లలో కొందరిని తీసి నగరం చివరకు పంపారు. నందనవనం ఎవరికి, వనవాసం ఎవరికి అని అప్పుడే అడిగాం. 2024 సెప్టెంబరు చివరలో మూసీ సుందరీకరణ పేరుతో చాదర్‌ఘాట్ దగ్గర శంకర్ నగర్, మూసానగర్ లాంటి బస్తీల ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. కొందరిని డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు పంపారు. భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ భవనం నిలబెట్టిన చాదర్‌ఘాట్ ఇదే.

నది గర్భంలో మనుషులు ఉండటం మంచిదని మేము అనడం లేదు. 1908ని మరిచిపోయి అట్లా అనలేం. మళ్లీ వరద వస్తే ముందు పోయేది వాళ్లే. మా ప్రశ్న ఇంతే. పక్కా ఇల్లు ఇచ్చి పని, బడి, ఆసుపత్రి తీసేస్తే అది ఆరోగ్యమా? ఇళ్లల్లో పనిచేసే ఆడమనిషి రెండు బస్సులు మారి పనికి పోలేక పని పోగొట్టుకుంటే, ఆ ఇంట్లో తిండి తగ్గుతుంది. తిండి తగ్గిన ఇంట్లోకి క్షయ వస్తుంది. కిటికీ ఉన్న ఇల్లు కూడా దాన్ని ఆపలేదు. బొంబాయి ట్రస్టు నూరేళ్ల కింద చేసిన తప్పు ఇదే. రోగి అడ్రసు మార్చి రోగం పోయిందనుకోవడం.

మనం చేయాల్సిన పని

ఈ వ్యాసం చదివే విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, కార్యకర్తలకు ఒక పని చెప్పి ముగిస్తాం. జాన్ స్నో చావుల్ని మ్యాపు మీద పెట్టాడు. మన పట్టణాల్లో ఆ పని మనం చెయ్యాలి. మీ పట్టణం మ్యాపు ఒకటి తీసుకోండి. దాని మీద మంచినీళ్ల ట్యాంకు, మురుగు కాలువ, చెత్త దిబ్బ, శ్మశానం, పశువధశాల, ప్రభుత్వ ఆసుపత్రి గుర్తుపెట్టండి. ఆ తర్వాత దళిత వాడలు, ముస్లిం బస్తీలు, సఫాయి కార్మికుల క్వార్టర్లు గుర్తుపెట్టండి. వాన పడ్డప్పుడు నీళ్లు ఎటు పోతాయో నడిచి చూడండి. ఎండాకాలంలో ఏ వీధికి ఎన్ని రోజులకొకసారి కుళాయి వస్తుందో రాసుకోండి. గత వానకాలంలో ఏ వాడలో ఎంతమందికి డెంగీ, ఎంతమందికి కామెర్లు వచ్చాయో ఇంటింటికీ పోయి అడగండి. ఇది పరిశోధన. మున్సిపాలిటీ ముందు పెట్టే డిమాండు కూడా ఇదే.

డిమాండ్లు కూడా సూటిగా ఉండాలి. మురుగు గొట్టంలోకి మనిషి దిగకూడదు. దింపిన కాంట్రాక్టరు మీద, సంతకం పెట్టిన ఆఫీసరు మీద కేసు పడాలి. నది దగ్గర నుంచి తీసేవాళ్లకు పని చేసుకునే చోటుకు దగ్గరగానే ఇల్లు ఇవ్వాలి. కొత్త కాలనీకి రోడ్డు వేసేముందే డ్రైనేజీ వేయాలి. మాస్టర్ ప్లాను కాగితం ముందుగా వాడలో, తెలుగులో, చదివి వినిపించాలి. ప్లాను గీసే బల్ల దగ్గర వాడ మనిషి కూర్చోవాలి.

మా ఇళ్లలో పెద్దోళ్లు మన బతుకు పల్లంలో ఉందని అంటుంటారు. చాలాకాలం మేము దాన్ని సామెతలాగా విన్నాం. అది సామెత కాదు, కొలత. ఎంత పల్లమో, ఎవరు తవ్వారో లెక్కగట్టి చెప్పగలిగే కొలత. తవ్వినదాన్ని పూడ్చవచ్చు.